కీర్తన మొత్తం చదివేవాళ్లం

మా రోజుల్లో దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ప్రార్థన జరగాల్సిందే. లాంతరు చిమ్నీని బూడిదతో తుడిచి, వత్తి వెలిగించి, మా అమ్మ చాప పరిచేది. పనిలోంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే కాళ్లు కడుక్కుని కూర్చునేవాళ్లు. ఒక పాట, ఒక అధ్యాయం, ప్రార్థన. అధ్యాయమంటే అధ్యాయమే. నిన్న ఎక్కడ ఆపామో ఇవాళ అక్కణ్ణించి మొదలు. లేవీయకాండం వచ్చిందని ఎగ్గొట్టడానికి లేదు, వంశావళి వచ్చిందని దాటెయ్యడానికి లేదు. పేర్లకు నోరు తిరక్క మేం తడబడుతుంటే వెనక గోడకి చేరగిలబడ్డ మా నాయనమ్మ సరిచేసేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఏళ్ల తరబడి విన్నదంతా చెవిలో నిలిచిపోయింది.

ఇప్పుడు పొద్దున్నే ఫోను తెరిస్తే వాక్యాలే వాక్యాలు. సూర్యోదయం బొమ్మ మీద ఒకటి, గులాబీ పువ్వు మీద ఒకటి. మేనల్లుడు పంపుతాడు, మరదలు పంపుతుంది, సంఘం గ్రూపులో పాతిక వచ్చి పడతాయి. ఒక్కటైనా రెండు వరుసలు మించదు. చదివామా, చేతులు జోడించిన బొమ్మ ఒకటి నొక్కామా, పైకి తోసేశామా, అంతే. దేవుని మాట ఇన్ని ఇళ్లలోకి ఇంత సులువుగా ఎప్పుడూ వచ్చి ఉండదు. అయినా ఇంత గుబులుగా బతికే విశ్వాసుల్ని నేను నా జీవితంలో చూడలేదు. నిద్ర పట్టడం లేదంటారు. ఊరికే గుండె దడంటారు. ఫోను మోగితే ఉలిక్కిపడతారు. ప్రార్థన చేస్తున్నాం మాస్టారూ, నెమ్మది మాత్రం లేదంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నాకు తెలుసు. అందుకే ఈ బాధంతా.

ఆ రోజుల్లో మా వాళ్లకు భయపడటానికి కారణాలు లేక కాదు. ఊరి చివర మా పేట. పొలాలు ఆసాములవి. ఇల్లు వేసుకున్న జాగా కూడా చాలామందికి సొంతం కాదు. కాలవకు నీళ్లు రాకపోతే నాట్లు లేవు, నాట్లు లేకపోతే కూలి లేదు. తాత చేసిన అప్పు మనవడు తీర్చేవాడు. బావి దగ్గర, హోటలు దగ్గర, పంచాయితీ దగ్గర పడే అవమానాలు సరేసరి. కాన్పుకి పుట్టింటికెళ్లిన పిల్ల తిరిగొస్తుందో రాదో తెలియదు. ఈ దిగుళ్లన్నీ మోసుకొచ్చి ఆ చాప మీద కూర్చునేవాళ్లు. కీర్తనల గ్రంథం వాళ్లకు అంత దగ్గర కావడానికి కారణం ఇదే. అందులో అబద్ధసాక్ష్యాలున్నాయి, దారిలో తవ్విన గోతులున్నాయి, రాత్రంతా ఏడ్చి తడిపేసిన పరుపులున్నాయి. మూడో కీర్తన పైన ఏముందో చూడండి. కన్నకొడుకు అబ్షాలోము తరుముతుంటే పారిపోతున్న దావీదు పాడినదని ఉంటుంది. కొడుకే కత్తి పట్టుకుని వెంటపడుతున్న ఆ మనిషి, పడుకున్నానని, నిద్రపోయానని, మళ్లీ లేచానని చెప్పుకుంటాడు. ఎనిమిది వచనాల కీర్తన. నిద్ర పట్టని రాత్రుళ్లు మా నాయనమ్మ నులకమంచం మీద అటూ ఇటూ దొర్లుతూ దాన్నే గొణుక్కునేది. పక్కనే పడుకునే నాకు అది వినీ వినీ వచ్చేసింది. ఎవరూ నేర్పలేదు.

1977 నవంబరు 19 సంగతి చెప్పాలి. ఉప్పెన పేరెత్తితే మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ మాట ఆపేస్తారు. మా ఊరు రేపల్లె వైపు, సముద్రానికి కాస్త లోపలికి. కృష్ణకు అవతల దివిసీమ. ఆ సాయంత్రం గాలి ముదిరాక పేటలో కప్పులు లేచిపోవడం మొదలైంది. పిల్లల్ని, ముసలివాళ్లని పట్టుకుని అందరం గుడిలోకి చేరాం. మా పేటలో ఇటుక గోడలున్న కట్టడం అదొక్కటే. తెచ్చిన లాంతర్లన్నీ ఆరిపోయాయి. అగ్గిపెట్టెలు తడిసిపోయాయి. పక్కమనిషి మొహం కూడా కనపడదు. ఆ చీకట్లో చంకలో బైబిలు ఉన్నవాళ్లకైనా చదివే దారి లేదు. మా అమ్మ నలభై ఆరో కీర్తన ఎత్తుకుంది. కదిలే భూమి, కూలే కొండలు, పొంగే సముద్రం, అన్నీ ఉన్న కీర్తన అది. ఆమె ఒక మాట అంటే ఇటు నుంచి పదిమంది తర్వాతి మాట అందుకున్నారు. అదయ్యాక తొంభై ఒకటి. అదయ్యాక నూట ఇరవై ఒకటి. ఒకరు మర్చిపోయిన చోట ఇంకొకరు అందించారు. ఏడ్చే పిల్లలు ఏడుపాపి తమకొచ్చిన ఇరవై మూడో కీర్తన మొదలుపెట్టారు. గోడలు అదురుతూనే ఉన్నాయి. భయం పోయిందని చెప్పను. భయపడుతూనే చెబుతూ పోయాం, తెల్లారేదాకా.

తెల్లారాక ఒక్కొక్కటిగా దివిసీమ వార్తలు వచ్చాయి. వేలమంది పోయారు. ఊళ్లకి ఊళ్లే కొట్టుకుపోయాయి. పోయినవాళ్లలో మా చుట్టాలున్నారు, మాకంటే భక్తిపరులున్నారు. వాళ్లూ ఆ రాత్రి ప్రార్థించే ఉంటారు, వాళ్లకూ అవే కీర్తనలు వచ్చు. కీర్తన చదివాం కాబట్టి బతికామని మా అమ్మ ఎన్నడూ సాక్ష్యం చెప్పలేదు. ఎవరైనా చెప్పబోతే ఊరుకునేదీ కాదు. చీకట్లో ప్రభువు మన దగ్గరున్నాడు, అవతల ఒడ్డున పోయినవాళ్ల దగ్గరా ఉన్నాడు, అని మాత్రం అనేది. నాకు తెలిసిన నెమ్మది అదే. ఇప్పటి సాక్ష్యాలు వింటే నా ప్రాణం ఉసూరుమంటుంది. ప్రార్థన చేశాను వీసా వచ్చింది, కానుక ఇచ్చాను ప్రమోషన్ వచ్చింది. మరి రానివాళ్లు ఏమనుకోవాలి? అదే బెంచీ మీద కూర్చుని వాళ్లూ వింటున్నారు కదా. తమ విశ్వాసంలోనే లోపముందని ఇంటికెళ్లి కుమిలిపోతారు. అసలున్న దిగులు చాలక దాని మీద ఇదొకటి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు పంచడం ఇప్పుడు మామూలైపోయింది. పళ్లెంలో బోర్లించి పెడతారు, వరసలో వెళ్లి తలా ఒకటి తీసుకుంటారు. అందరూ ఆశపడేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం కోసం. మేలు చేసే ఆలోచనలు, ముందుకు మంచి రోజులు, అని అందులో దేవుడు చెప్పే సంగతి. నిజమే, గొప్ప మాట. అయితే ఎవరికి చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు? ఆ అధ్యాయం ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరం. అందులో ఏముంది? అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం బాగుండాలని ప్రార్థించండి. తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుంది. అంటే ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రారు. ఆ మాట చెప్పాకే మేలు సంగతి చెప్పాడు.

ఇంకాస్త వెనక్కెళ్లి 28వ అధ్యాయం చదివితే హనన్యా కనిపిస్తాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, అందరూ తిరిగొస్తారు అని దేవుని పేరు మీద ప్రకటించిన ప్రవక్త. యిర్మీయా మెడ మీది కాడిని జనం ముందే విరిచేశాడు. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు. హనన్యా మాత్రం ఆ ఏడాదే చనిపోయాడు. ఈ నెలలోనే నీ సమస్య తీరిపోతుంది అని మైకులో అరిచేవాళ్లను చూసినప్పుడల్లా నాకు హనన్యా గుర్తొస్తాడు. మన పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, వీసా పొడిగిస్తారో లేదో తెలియక నలిగిపోతున్నారు. ఇల్లు కొనాలా వద్దా, పిల్లల్ని కనాలా ఆగాలా, ఇండియా వచ్చెయ్యాలా అని అన్నీ సగంలో ఆపుకుని కూర్చున్నారు. వాళ్ల కోసమే రాసినట్టుంటుంది ఆ ఉత్తరం. పరాయి ఊళ్లోనే ఉండి, రేపటి సంగతి తేలకుండానే, ఇవాళ తోట వేసుకోమంటుంది. కార్డు మీద మాత్రం పదకొండో వచనమే అచ్చవుతుంది. తోటలూ లేవు, డెబ్బై ఏళ్లూ లేవు.

చింతపడొద్దు అని పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాటకూ ఇదే గతి పట్టింది. ఇవాళ అందరి ఫోన్లలోనూ తిరిగే వాక్యం అది. నాలుగో అధ్యాయం, ఆరు, ఏడు వచనాలు. మా రోజుల్లో ఆ పత్రిక మొత్తం చదివేవాళ్లం. నాలుగు అధ్యాయాలు, కూర్చుంటే అరగంట పట్టదు. రాసేవాడు సంకెళ్లలో ఉన్నాడని మొదటి అధ్యాయంలోనే తెలుస్తుంది. బతుకుతాడో శిక్ష పడుతుందో అతనికే తెలియదు. రెండో అధ్యాయానికి వస్తే ఎపఫ్రొదితు జబ్బు. ఫిలిప్పీ సంఘం పౌలుకు సాయంగా పంపిన మనిషి, చావు అంచుదాకా వెళ్లి బతికాడు. అతను పోయి ఉంటే నాకు దుఃఖం మీద దుఃఖమయ్యేదని పౌలు ఒప్పుకుంటాడు. అతన్ని ఇంటికి పంపేస్తే నా బెంగ కొంత తగ్గుతుందని కూడా రాస్తాడు. చింతపడొద్దని చెప్పబోయే పౌలే ఈ మాట రాశాడు! మా నాన్న ఇక్కడికొచ్చినప్పుడల్లా చదవటం ఆపి, చూశారా, అనేవాడు. భక్తుడికి బెంగ ఉండకూడదని కాదు, ఉన్న బెంగను ఏం చేయాలో ఈయన చెబుతున్నాడు అనేవాడు.

ఇక నాలుగో అధ్యాయం. ఆ మాటకు ముందు ఏముందో ఎంతమందికి తెలుసు? యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలు పోట్లాడుకుంటున్నారు, వాళ్లకు రాజీ కుదర్చండి అని ఉంటుంది. సువార్త పనిలో పౌలుతో కలిసి కష్టపడ్డ స్త్రీలు. సంఘంలో ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్ల సంగతి తేల్చమని చెప్పాకే చింత మాటెత్తాడు. ఇవాళ మా ఊళ్లో అన్నదమ్ములు పొలం గట్టు కోసం కోర్టుకెక్కి, అదే వాక్యం ఒకరి స్టేటస్‌లో ఒకరు చూసుకుంటున్నారు. నిద్ర ఎలా పడుతుంది? ఆ వచనంలోనే ప్రార్థనతో పాటు కృతజ్ఞత కూడా చెప్పమన్నాడు. ఆ తర్వాత ఎనిమిదో వచనంలో మనసును ఏ సంగతుల మీద పెట్టాలో చెప్పాడు. సత్యమైనవి, న్యాయమైనవి, పవిత్రమైనవి, మంచి పేరున్నవి. రాత్రి పన్నెండింటిదాకా ఫోనులో తగువులు, హత్యలు, తిట్లు చూసి, పడుకునే ముందు ఒక వాక్యం చూస్తే ఆ మనసు ఎక్కడ కుదురుతుంది? ఇంకా కిందికి వెళ్తే, కలిమిలోనూ లేమిలోనూ తృప్తిగా ఉండటం తాను నేర్చుకున్నానంటాడు. ఒక్క రాత్రిలో వచ్చింది కాదు, ఆయనకూ నేర్చుకోవాల్సి వచ్చింది. చెరుకు ముక్కని నాలుకకి తాకించి పారేస్తే రసం ఎక్కణ్ణించి వస్తుంది? నమలాలి.

మత్తయి ఆరో అధ్యాయం గురించీ ఒక మాట. పక్షుల్ని, పొలంలో పువ్వుల్ని చూపించి రేపటి గురించి దిగులొద్దని యేసు చెప్పిన భాగాన్ని అందరూ చదువుతారు. దానికి ముందు వచనంలో దేవుణ్ణీ డబ్బునీ ఇద్దర్నీ కొలవలేరు అన్న సంగతి ఉంది. దాని మీద నిలబెట్టే ఆ మాట చెప్పాడాయన. వింటున్నవాళ్లలో ఏ పూట కూలి ఆ పూట తినేవాళ్లు ఎందరో. వాళ్లకి తిండీ బట్టా అక్కర్లేదని చెప్పలేదు, అవి కావాలని మీ తండ్రికి తెలుసన్నాడు. అక్కర్లేని అప్పు చేసి మూడో ఫ్లాటు కొని, ఈఎంఐ కట్టలేక గుండె దడ తెచ్చుకున్నవాళ్లకి ముందు వచనం చదవకుండా తర్వాతిది చదివి ఓదార్చే బోధకుల్ని చూస్తే నాకు కోపం వస్తుంది. మా పాత ఉపదేశి అయితే ముందు ఆ ఫ్లాటు సంగతి అడిగేవాడు.

ఇంతకంటే పెద్ద కోపం ఒకటుంది. మా దూరపు బంధువుల అమ్మాయి, నాకు మనవరాలి వరస, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉన్నట్టుండి ఊపిరాడక, చేతులు చల్లబడి, చచ్చిపోతున్నానేమో అనిపించేది. ఆసుపత్రిలో గుండెకేమీ లేదన్నారు, మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. మందులిచ్చాడు, నెమ్మదించింది. ఆ సమయంలో ఎవరో ఒక పెద్ద కూటానికి తీసుకెళ్లారు. వేదిక మీద బోధకుడు ఆమె తల మీద చెయ్యేసి, విశ్వాసముంటే మాత్రలెందుకు, ఈ రోజే పారెయ్ అన్నాడు. పిల్ల పారేసింది. నెల తిరక్కుండా మళ్లీ ఆసుపత్రిలో పడింది, ఈసారి అంతకంటే హీనంగా. ఆ బోధకుడు ఆ తర్వాత ఒక్క ఫోనైనా చెయ్యలేదు.

వాక్యం మొత్తం చదివినవాడు ఆ మాట అనగలడా? 1 రాజులు 19వ అధ్యాయం తియ్యండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా, యెజెబెలు కబురుకి భయపడి పారిపోయాడు. బెయేర్షెబాలో పనివాణ్ణి వదిలేసి ఒక్కడే అడవిలోకి ఒక రోజు ప్రయాణం నడిచి, చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నన్ను చంపెయ్యమని దేవుణ్ణి అడిగాడు. ప్రవక్త అడిగిన మాట ఇది! దేవుడు తిట్టాడా? నీ విశ్వాసమేమైంది అన్నాడా? నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే, తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, ముందు దారి దూరముంది అన్నాడు. ప్రసంగమంతా ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. అదీ నిమ్మళమైన చిన్న స్వరంతో. చివర్లో ఒక పని అప్పజెప్పాడు, ఎలీషాని తోడిచ్చాడు, నువ్వొక్కడివే కాదు ఇంకా ఏడు వేల మంది ఉన్నారని చెప్పాడు. నిద్ర, తిండి, పని, తోడు. మా ఊరి ఎంబీబీఎస్ డాక్టరు గారు చెప్పేవీ అవే.

మా గుంటూరు ప్రాంతపు క్రైస్తవులకి ఆసుపత్రి పరాయిది కాదు. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చి లూథరన్ సంఘం పని మొదలుపెట్టారు. 1883లో అన్నా కుగ్లర్ అమ్మగారు వచ్చారు. ఆమె డాక్టరు. పరదాలో ఉండే ఆడవాళ్లకీ, అంటరానివాళ్లంటూ దూరం పెట్టిన మా ఆడవాళ్లకీ మందులిచ్చి, చివరికి ఆసుపత్రి కట్టించింది. ఇవాళ్టికీ అది కుగ్లర్ ఆసుపత్రే. ఒక చేత్తో బైబిలు, ఒక చేత్తో మందు ఇచ్చిన సంఘం మాది. సువార్త రాసిన లూకా వైద్యుడే. రోగులకు వైద్యుడు కావాలని యేసే అన్నాడు. మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గిపోతుందని ఎక్కడ నేర్చుకున్నారో ఈ కొత్తవాళ్లు. ప్రభుత్వం 2022లో మనసు బాగాలేనివాళ్ల కోసం టెలి మానస్ అని 14416 నంబరు పెట్టింది, తెలుగులో కూడా మాట్లాడతారు. ఆ నంబరుని గుడి నోటీసు బోర్డు మీద రాయమని నేనే అడిగి రాయించాను.

మా రోజులన్నీ బంగారమని నేననను. మనసు చెదిరినవాళ్లని దయ్యం పట్టిందని గొలుసులతో కట్టేసిన ఇళ్లున్నాయి మా పేటలోనే. అలాంటివి పోయినందుకు సంతోషం. పోకూడనిది కూడా వాటితో పాటు పోయిందని నా గోల.

లూథర్ సంగతి చెబుతాను, మా సంఘానికి పేరిచ్చిన మనిషి కాబట్టి. ఆయన ధైర్యానికి పెట్టింది పేరని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. నిజానికి ఆయన జీవితమంతా దిగులుతో పోరాడాడు. నలభై ఆరో కీర్తన ఆధారంగా ఆయన రాసిన పాట లోకమంతా పాడుతుంది. 1530లో కోబర్గ్ కోటలో ఉండి, ఆగ్స్‌బర్గ్ సభలో ఏమవుతుందోనని తల్లడిల్లే తన సహచరుడు మెలాంక్తన్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, నీ బెంగ నిన్ను తినేస్తోందని కోప్పడుతూ. అదే కోటలో కూర్చుని తనకిష్టమైన నూట పద్దెనిమిదో కీర్తనకి వ్యాఖ్యానం రాసుకున్నాడు. దిగులు పట్టినవాళ్లకి రాసిన ఉత్తరాల్లో, ఒంటరిగా ఉండొద్దు, నలుగురిలోకి వెళ్లు, సంగీతం విను, కడుపునిండా తిను అని చెప్పేవాడు. 1535లో తన మంగలి పీటర్ ప్రార్థన ఎలా చేయాలని అడిగితే ఆయన కోసం ఒక చిన్న పుస్తకమే రాశాడు. ఒక్కో ఆజ్ఞను తీసుకుని, ఇది నాకేం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏ తప్పు ఒప్పుకోవాలి, ఏం అడగాలి అని నాలుగు పేటలుగా తిప్పమంటాడు. ఆ క్షురకుడికి ఎంత తీరికుంటుంది? అయినా ఆయనకి ఒక్క వరస రాసిన చీటీ ఇచ్చి పంపలేదు. 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకంలో సాయంకాల ప్రార్థన అయ్యాక ఏం చేయాలో కూడా రాశాడు. వెంటనే సంతోషంగా నిద్రపొమ్మని. మా నాన్న అక్షరాలా అలాగే చేసేవాడు. ఆమేన్ అన్నాక ఇంట్లో అప్పుల మాటెత్తితే ఒప్పుకునేవాడు కాదు, రేపు పొద్దున మాట్లాడదాం అని దుప్పటి కప్పుకునేవాడు.

ఆ మనవరాలి మాట ముగించలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్లు మా ఇంట్లో ఉంది. డాక్టరు మందులు వేళకి వేసుకోవాలని ముందే చెప్పాను. ఫోను పక్క గదిలో పెట్టించి, సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టుకుని నూట ఇరవై ఒకటో కీర్తన మొదలుపెట్టాను. ఎనిమిది వచనాలు. మొదటిరోజు ఒకటే వచనం. నేను చెప్పడం, తను చెప్పడం. "తాతయ్యా, ఫోనులో చదువుకుంటే సరిపోదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుంది కదా" అంది. "చేతులు వణికేటప్పుడు ఫోను తీసి వెతుకుతావా అమ్మా" అన్నాను. రోజుకో వచనం కలుపుకుంటూ పోయాం. కావలివాడు నిద్రపోడు అనే చోటికి వచ్చాక రెండు రోజులు అక్కడే ఆగిపోయింది. రాత్రంతా తనే మేలుకుని ఏదో కాపలా కాస్తున్నట్టు ఉంటుందనీ, కాపలాకి వేరే ఒకరున్నారన్న సంగతి ఇప్పుడే వింటున్నట్టుందనీ చెప్పింది. చిన్నప్పట్నుంచీ గుడికొస్తున్న పిల్ల. ఆ కీర్తన ఎన్నిసార్లు విని ఉంటుందో. నెమ్మదిగా చెప్పుకున్నప్పుడే అది తనకు తగిలింది.

ఇప్పటికీ దడ పూర్తిగా పోలేదు. ఆఫీసులో వస్తే మెట్ల దగ్గరికెళ్లి, ఊపిరి నింపాదిగా వదులుతూ, ఒక్కో వచనం చెప్పుకుంటుందట. ఎనిమిదో వచనం అయ్యేసరికి కొంత తగ్గుతుందంది. తగ్గకపోతే మళ్లీ మొదటి నుంచి. మందులు డాక్టరు చెప్పిన ప్రకారం తగ్గిస్తున్నారు. ఇంకో మాట కూడా అడిగింది, దేవుడి మీద కోపం వస్తే తప్పా అని. ఎనభై ఎనిమిదో కీర్తన తీసిచ్చాను. మొదటి నుంచి చివరిదాకా మొరే. ఎక్కడా వెలుగు రాదు, చీకటి మాటతోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచుకున్నాడు. అది చదివి ఏడ్చింది, ఆ రాత్రి బాగా నిద్రపోయింది. మా రోజుల్లో శ్రమల కాలంలో ఇలాంటి కీర్తనలు గుళ్లో చదివేవాళ్లు. ఇప్పుడు ఆరాధన మొదలు నుంచి చివరిదాకా చప్పట్లు, డ్రమ్ములు. దుఃఖంతో వచ్చినవాడు తన దుఃఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే మోసుకుపోతున్నాడు. మా గుడి అయ్యగారికి ఈ మాట చెప్పాను. జనం రారండీ, సంతోషంగా ఉండాలి కదా అన్నారు. జనం రావడం లేదని కాదు, వచ్చినవాళ్లు తేలికపడి వెళ్లడం లేదని చెప్పొచ్చాను.

సండే స్కూలు మాటకొస్తే, మా కాలంలో ఏటా కంఠత వాక్యాల పరీక్ష ఉండేది. ఐదో తరగతి దాటేసరికి ఒకటి, ఇరవై మూడు, నూరు, నూట ఇరవై ఒకటి, మత్తయి ఐదో అధ్యాయంలో ధన్యతలు, మొదటి కొరింథీ పదమూడో అధ్యాయం రావాల్సిందే. బహుమతి ఒక సబ్బు పెట్టె లేదా సువార్త పుస్తకం. ఇప్పుడు పిల్లలకు బొమ్మలకి రంగులు వేయించి, బిస్కెట్లిచ్చి పంపుతున్నారు. అడిగితే, పిల్లలకు అంత భారం ఎందుకండీ, స్కూల్లోనే బోలెడు బట్టీ పట్టిస్తున్నారు అంటున్నారు. స్కూల్లో బట్టీ పట్టిందే వాళ్లను భయపెట్టేది. ఏ ఇంటర్ ఫలితాల సమయంలో పేపరు తెరవాలన్నా నాకు వణుకు. ర్యాంకు తగ్గిందని ప్రాణాలు తీసుకునే వయసేనా అది? ఆ రాత్రి హాస్టలు గదిలో ఒంటరిగా ఉన్న పిల్లాడికి ఏం గుర్తొస్తుందో మనకు తెలియదు. గుర్తు రావడానికి లోపల ఏదైనా ఉంచామా? తనకంటే ముందు ఎందరో ఇలాగే భయపడి, ఇలాగే మొరపెట్టి, తెల్లవారడం చూశారని వాడికెవరైనా చెప్పారా?

అందుకని ఈసారి సంఘ పెద్దల మీటింగులో అడగబోతున్నాను. నెలకొక కీర్తన, మొత్తం కీర్తన. మొదటి నెల నూట ఇరవై ఒకటి, చిన్నది కాబట్టి. తర్వాత మూడు, తర్వాత ఇరవై మూడు, నలభై రెండు, నలభై ఆరు. మధ్యలో ఎప్పుడో ఎనభై ఎనిమిది కూడా, పెద్ద పిల్లలకి. వాగ్దానపు కార్డులకి పెట్టే డబ్బుతో పెద్ద అక్షరాల కీర్తనల పుస్తకాలు కొంటే పిల్లలందరికీ సరిపోతాయి. టీచర్లకు తీరిక లేకపోతే నేను చెబుతాను, శనివారం సాయంత్రం ఐదింటికి గుడి అరుగు మీద. పిల్లల్ని దించేసి వెళ్లిపోకుండా తల్లిదండ్రులు కూడా కూర్చోవాలి, వాళ్లకీ రావు కదా. ఫోన్లు మాత్రం ఇంట్లో పెట్టి రండి.